నోట్లు తిన్న నియంత

చెన్నై బీచ్ స్టేషన్ ఎదుట బర్మా బజార్‌లో ఛార్జర్లు బేరమాడేవాళ్ళలో ఎంతమందికి బర్మా (నేటి మయన్మార్) సైనిక నియంత నె విన్ పేరు తెలుసో! ఆ బజారు పుట్టింది ఆయన వల్లే.

1962 మార్చి 2న సైన్యంతో గద్దెనెక్కాడు. ఆ తర్వాత రెండేళ్ళలో బ్యాంకులు, బియ్యం వ్యాపారం, చివరికి చిల్లర కొట్లు కూడా సర్కారు పరమయ్యాయి. 1964లో 50, 100 క్యాట్ల (క్యాట్ అంటే బర్మా కరెన్సీ) నోట్లు రద్దు. మన కోస్తావాళ్ళు 'రంగం' అని పిలిచే రంగూన్ నుంచి లక్షల మంది భారతీయులు దాదాపు కట్టుబట్టలతో ఓడలెక్కారు. అలా వచ్చినవాళ్ళు పెట్టుకున్న కొట్లే ఆ బర్మా బజార్.

ఆయన్ను పడగొట్టిందీ నోట్లే. 1985లో పాతవి రద్దుచేసి 75 క్యాట్ల నోటు తెచ్చాడు, ఆ తర్వాత 35ది. 1987 సెప్టెంబరు 5న 25, 35, 75 నోట్లు చెల్లవన్నారు, ఈసారి మార్చుకునే వీలే లేదు. ఇంట్లో దాచుకున్న డబ్బు ఒక్కరోజులో చిత్తుకాగితం. బదులుగా 45, 90 నోట్లు: రెండూ తొమ్మిదితో భాగించబడేవే, ఆయనకు తొమ్మిది అచ్చొచ్చిన అంకె మరి! పరీక్ష ఫీజు కట్టాల్సిన విద్యార్థులు వీధికెక్కారు.

1988 మార్చిలో రంగూన్‌లో ఒక టీకొట్టు దగ్గర మొదలైన గొడవ కాల్పులదాకా వెళ్ళింది. జులై 23న నె విన్ పాలక పార్టీ అధ్యక్ష పదవి వదులుతూ, సైన్యం కాలిస్తే గురి తప్పదని బెదిరించి మరీ దిగాడు. ఆగస్టు 8న దేశమంతా లేచింది. సెప్టెంబరు 18న మళ్ళీ సైన్యమే వచ్చింది.

2002 డిసెంబరులో గృహనిర్బంధంలో పోయాడు. ప్రభుత్వ లాంఛనాలేమీ జరగలేదు.