ఆనెకాయ కింద పుండు

ఆనెకాయ నొప్పి పెడితే ఎవరైనా కాలు చూసుకుంటారు. నాది నొప్పి పెట్టలేదు. ఎడమ కాలి బొటనవేలి మొదట్లో ఏళ్ల తరబడి ఉన్నదే అది. బత్తాయి తోటలో పాదులు తీసీ తీసీ, తడి మట్టిలో రబ్బరు చెప్పులతో తిరిగీ తిరిగీ గట్టిపడింది. నల్లగొండ పక్క ఊళ్లలో ఆనెలు లేని రైతు ఉంటాడా? వానాకాలం మొదట్లో ఒకరోజు దుప్పటికి పసుపుపచ్చ మరక కనబడి, మా ఇంటామె నా కాలు పట్టుకుని తిప్పి చూసింది. ఆనె అంచున చిన్న చీలిక, దాంట్లోంచి రసి కారుతోంది. "వాసనొస్తుంది, నీకు తెలుస్తలేదా?" అంది. నిజంగానే తెలియలేదు.

నాకు షుగర్ వచ్చి 12 ఏళ్లు. అరికాళ్లు తిమ్మిరెక్కి, దూది మీద నడుస్తున్నట్టు ఉండడం చాన్నాళ్ల సంగతే. "నొప్పి లేకపోతే మంచిదే కదా" అన్నారు చూడవచ్చినవాళ్లు. ఈ జబ్బులో అంతకంటే చెడ్డ సంగతి లేదు.

నల్లగొండలో డాక్టరు నన్ను కళ్లు మూసుకోమన్నాడు. సన్నటి నైలాన్ పోగుతో అరికాల్లో అక్కడక్కడ తాకిస్తానని, తగిలినప్పుడల్లా చెప్పమని అన్నాడు. కాసేపు చూసి, "ఇంకా మొదలుపెట్టలేదా సార్?" అని నేనే అడిగాను. "అయిపోయింది పెద్దాయనా" అన్నాడు. ఆ పోగు వంగేటప్పుడు పడే ఒత్తిడి 10 గ్రాములట. ఆ మాత్రం కూడా తెలియని కాలికి తుమ్మ ముల్లు దిగినా తెలియదు.

తర్వాత బ్లేడుతో ఆనెను పొరలు పొరలుగా చెక్కాడు. మత్తు ఇవ్వలేదు, దాని అవసరమే పడలేదు. పైకి చీలికలా ఉన్నది లోపల సెంటీమీటరున్నర గుంత. అడుగు వేసినప్పుడల్లా ఆ గట్టి చర్మమే లోపలి కండను నలుపుతుందట. గుంతలోకి స్టీలు పుల్ల పోనిచ్చి ఎముక తగులుతుందేమో చూశాడు, ఎక్స్‌రే తీయించాడు. ఎముకకు పట్టలేదు. పాదం మీద చిన్న మిషన్ ఆనిస్తే రక్తం పారే చప్పుడు గట్టిగానే వినపడింది. వేలు దక్కుతుందని డాక్టరు అన్నాకే మా అమ్మాయి నోరు తెరిచి "నాయినా" అంది, వెంటనే ఏడ్చింది.

హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షలో 10.8 వచ్చింది. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి, ఆ పరీక్ష రెండు మూడు నెలల షుగర్ లెక్క మొత్తం బయటపెడుతుంది. ముందురోజు పస్తుండి పోతే దాన్ని మోసం చేయలేం. షుగర్ అంత ఎక్కువుంటే చీముతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయని, మాత్రలతో లాభం లేదని ఇన్సులిన్ రాశాడు. "బావా, సూది మొదలుపెడితే ఇక జీవితమంతా సూదే" అని మా బామ్మర్ది ఒకటే గోల. పుండు మానాక చాలామందికి డోసు తగ్గించవచ్చని డాక్టరు చెప్పాడు. నాకు తగ్గించారు కూడా.

ఒక సాయంత్రం మాత్రం చేతులు వణికి, చెమటలు పట్టి, కళ్లు తిరిగాయి. గ్లూకోమీటరులో 62, షుగర్ పడిపోయింది. నెలల తరబడి నాకు దూరం పెట్టిన బత్తాయి రసాన్ని ఇంటామె ఆ పూట తనే పిండి తాగించింది. పావుగంటకు మళ్లీ చూస్తే నిలబడింది. సొంత తోట కాయ అంత తియ్యగా ఎన్నడూ అనిపించలేదు.

తిండి గురించి ఒక్క మాట. జొన్న రొట్టె తింటే షుగర్ రాదని మా దగ్గర గట్టి నమ్మకం. నాలుగు తింటే మీటరు అన్నానికి ఎక్కినట్టే ఎక్కింది. రెండు రొట్టెలు, ఎక్కువ పప్పు, గుడ్డు తిన్నరోజు బాగుండేది. పుండు పూడడానికి మాంసకృత్తులు ఎటూ కావాలి. ఇక పసుపు, ఆకు పసరు, జిల్లేడు పాలు, మెడికల్ షాపులో దొరికే ఆనెకాయ పట్టీలు... ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. స్పర్శ లేని చర్మాన్ని జిల్లేడు పాలు, పట్టీలోని యాసిడ్ కాల్చేసినా మనకు తెలియదు. వేడినీళ్లలో కాలు నానబెట్టడమూ అంతే.

ఇవన్నీ ఒక ఎత్తు, కట్టు ఒక ఎత్తు. చీము పరీక్షకు పంపి, యాంటీబయాటిక్స్‌తో ఇన్‌ఫెక్షన్ తగ్గాక హైదరాబాద్‌లో పాదాల డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన మోకాలి కింది నుంచి వేళ్ల దాకా గట్టి కట్టు వేశాడు. ఒంటి బరువు పుండు ఒక్కదాని మీదే పడకుండా పాదమంతటికీ, పిక్కకూ పంచే కట్టు అది. వారానికోసారి మిషన్ రంపంతో కోసి, పుండు కొలిచి, మళ్లీ వేసేవాడు. ఆ రంపం చప్పుడుకు నాకు పుండంటే లేని టెన్షన్ వచ్చేది. లోపల దురద, స్నానానికి ప్లాస్టిక్ సంచి, బస్సులో "కాలు విరిగిందా?" అనే పలకరింపు. కొన్నాళ్లకు "అవును" అనడం అలవాటైంది.

విప్పుకునే చెప్పు ఇవ్వరాదా సార్ అని బతిమాలాను. "ఇస్తే రాత్రి లేచినప్పుడు వేసుకోవు. ఆ నాలుగడుగులే పుండును మళ్లీ రేపుతాయి" అన్నాడు. మందు, సూది, డ్రెస్సింగ్ అన్నీ సరిగ్గా నడుస్తున్నా పుండు మానని వాళ్లను ఆ వరండాలో చూశాను. వాళ్లంతా దాని మీదే నడిచి వచ్చారు. నాలుగు వారాల్లో పుండు సగానికి తగ్గితే దారిలో పడ్డట్టట. నాది సగం కంటే ఎక్కువే తగ్గింది. తోటకు నీళ్లు అల్లుడు పెట్టాడు, రెండు చెట్లు ఎండితే ఎండాయి. దసరా నాటికి కొత్త చర్మం మూసుకుంది.

మూసుకున్నాక కూడా పదిమందిలో నలుగురికి ఏడాదిలోపే మళ్లీ పుండు పడుతుందని చెప్పి పంపారు. అందుకని ఎంసీఆర్ చెప్పులు, అంటే మెత్తటి రబ్బరు అట్టవి, వచ్చాయి, మడమకు బెల్టుతో. ఇంట్లోనూ అవే. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడుముతాను. ఒకసారి మేకు మొన చేతికి తగిలింది, కాలికైతే తగిలేదే కాదు. రాత్రి మనవరాలు టార్చి వేసి వేళ్ల సందులు చూస్తుంది, దానికి అదొక ఆట.

ఇప్పుడు మా ఇంటామెకూ నాకూ పంచాయితీ చెరువుగట్టు గుడి దగ్గర వచ్చింది. జడల రామలింగేశ్వరుడి జాతర మాఘమాసంలో. మునుపు చెప్పుల్లేకుండా గుట్టెక్కేవాళ్లం. అగ్నిగుండాలు దూరం నుంచే చూస్తానని నేను ముందే చెప్పేశాను. మందపాటి సాక్సులు వేసుకుని గుట్టెక్కితే స్వామి ఏమీ అనుకోడని ఆమె. మెట్ల మీద కొబ్బరి చిప్పల పెచ్చులుంటాయని నేను. ఇంకా తెగలేదు.