పాత వాల్‌నట్ కుర్చీని ముందు తలకిందులు చేసి చూడాలి

ఇంగ్లండ్‌లో పాత చెక్క ఫర్నిచర్‌కి 2000 తర్వాత గిరాకీ బాగా తగ్గింది. కొత్త సోఫాకి పెట్టే డబ్బులోనే 1860 ప్రాంతంలో చేసిన చెక్కుడు పని ఉన్న, చేతులున్న వాల్‌నట్ (అక్రోటు చెట్టు) చెక్క కుర్చీ దొరుకుతుందని తెలిశాక, ఇక మా ఆవిడా నేనూ వేలంపాటల వెంట పడ్డాం. మా ఊళ్లో టేకు కుర్చీల మధ్య పెరిగినవాణ్ణి. వాల్‌నట్‌లో తేనెరంగు మీద నల్లటి చారలు మెలికలు తిరగడం దగ్గరగా చూశాక మనసు అక్కడే ఉండిపోయింది.

వేలానికి ముందురోజు సరుకు చూడనిస్తారు. గుడ్డ ఎంత మెరిసినా పట్టించుకోకండి, దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అడిగి, కుర్చీని తలకిందులు చేసి టార్చి వేశాను. పైకి కనిపించేదంతా వాల్‌నట్ అయినా, సీటు కింది పట్టీలు చాలాసార్లు బీచ్ అనే వేరే చెట్టు చెక్కవి. పురుగుకి అది మహా ఇష్టం. పాత రంధ్రాలుంటే ఫరవాలేదు, వాటి నుంచి లేత రంగు పొడి రాలుతుంటే మాత్రం పురుగు ఇంకా బతికి ఉందన్నట్టు. నాకు బాగా నచ్చిన ఒక కుర్చీకి "కండిషన్ బాగుంది" అని రాసిచ్చారు. తట్టి చూస్తే సన్నటి పొడి రాలింది. అక్కడితో దాన్ని వదిలేశాను.

తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని అటూ ఇటూ ఊపాలి. జాయింట్లు కాస్త కదిలితే భయం లేదు. ఆనాటి జంతు జిగురు వేడికీ తేమకీ మెత్తబడుతుంది కాబట్టి విప్పి మళ్లీ అతికించవచ్చు. విరిగిన చోట ఇనుప ప్లేటు బిగించి ఉంటే మాత్రం వద్దు. ఇలా చూసిన ఇంకో కుర్చీ వీపున చెక్కిన పువ్వు మీద వేలు నడిపాను. చేతులు తగిలే చోట అంచులు అరిగి నున్నగా ఉన్నాయి, లోతుల్లో ఏళ్ల నాటి మైనం నల్లగా పేరుకుంది. వీపు చెక్క చారలే ఆ పువ్వులోకీ సాగాయి. అంటే విడిగా చెక్కి అతికించింది కాదు. నన్ను గెలిచింది అదే.

పాడిన ధర మీద వేలం సంస్థ కమిషన్, దాని మీద వ్యాట్ ఉంటాయి. అవి కలుపుకునే నా హద్దు ముందే రాసుకున్నాను. పాట ఆ లోపే ముగిసింది.

అసలు ఖర్చు కుషన్ పనిదే. పనాయన గుడ్డ విప్పితే లోపల గోనెపట్ట, స్ప్రింగులు, గుర్రపు వెంట్రుకలు. వెంట్రుకలు బాగానే ఉన్నాయని దులిపి, చిక్కు తీసి మళ్లీ వాడాడు. ఫోమ్ వేస్తే పని చవకగా అయ్యేది, కానీ కుర్చీ ఆకారం పోయేది. 1988 నాటి బ్రిటన్ అగ్ని భద్రతా నిబంధనలు 1950కి ముందు తయారైన ఫర్నిచర్‌కి వర్తించవు కాబట్టి ఆ టెన్షన్ లేదు. పాలిష్ గీకి కొత్తగా వేయమంటారా అని అడిగాడు. వద్దన్నాను. అది లక్కతో వేసిన పాత ఫ్రెంచ్ పాలిష్, ఒకసారి గీకితే ఆ రంగు మళ్లీ రాదు. తేనెమైనం పలచగా రుద్దితే చాలు.

కిటికీ పక్కన పెట్టలేదు, ఎండకి వాల్‌నట్ వెలిసిపోతుంది. హీటరుకీ దూరంగానే ఉంచాం.

ఆ రోజుల్లో వీటికి జోడీగా ఆడవాళ్ల కోసం కాస్త పొట్టి కుర్చీ చేసేవారు. వెడల్పాటి గౌన్లు పట్టేలా దానికి చేతులు ఉండవు, ఉన్నా చిన్నవి. మా ఆవిడ కోసం ఇప్పుడు అది వెతుకుతున్నాం.