శ్రుతి దించిన గిటార్

"నువ్వు మెల్లగా పాడమని అడిగితే నాకు భయమేస్తుంది అమ్మా. వాళ్ళు అరుస్తుంటే ఆ భయం పోతుంది."

మా పెద్దమ్మాయి ఈ మాట అని మూడు వారాలైంది. జూన్‌లో రాజమండ్రిలో మా అమ్మ ఎనభయ్యో పుట్టినరోజు. మనవరాలి నోట ఒక్క కీర్తన వినాలని అమ్మ ఆశ. ఆదివారం నుంచి మళ్ళీ సాధన మొదలుపెడదాం అన్నాను. పదిహేనేళ్ళ పిల్ల హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీంచి జరిపి, ఆ మాట అని, మళ్ళీ సర్దుకుంది.

తర్వాత నేను చేసింది రాయడానికి సిగ్గుగా ఉంది. హెడ్‌ఫోన్స్ లాక్కున్నాను. "ఆ అరుపులకున్న విలువ అమ్మమ్మకి లేదా?" అని గొంతు చించుకున్నాను. చిన్నది పక్కగదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. పెద్దది ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అలా ఊరుకోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

రాత్రి అందరూ పడుకున్నాక ఆ హెడ్‌ఫోన్స్ నేను పెట్టుకున్నాను. ఆల్బమ్ పేరు 'సమ్‌వేర్ అలాంగ్ ది హైవే', 2006లో వచ్చింది. కల్ట్ ఆఫ్ లూనా అనే బ్యాండ్‌ది. వాళ్ళది స్వీడన్ ఉత్తరాన మేముండే ఊమెయోనే, 1998లో ఇక్కడే మొదలైంది. ఏళ్ళ తరబడి ఈ ఊళ్ళో కాపురముంటూ నేను పేరైనా వినలేదు. నెమ్మదిగా, బరువుగా సాగే డూమ్ మెటల్ బరువూ, మెల్లగా పేరుకుంటూ పెరిగే పోస్ట్ రాక్ ఓపికా కలిసిన సంగీతమిది. ఆ రాత్రి నాకు బరువొక్కటే తెలిసింది. రెండో పాట సగంలో ఆపేశాను.

పూర్తిగా విన్నది మరుసటి శనివారం, సుండ్స్‌వాల్ వెళ్ళే ఈ4 రోడ్డు మీద. "నీ పాటలే పెట్టు" అన్నాను. నమ్మలేనట్టు చూసి పెట్టింది. ఏడు పాటలు, గంట పైచిలుకు. మొదటిది దూరంగా ఎవరో తమలో తాము పాడుకుంటున్నట్టు ఉంటుంది. తర్వాతి 'ఫిన్లాండ్' దాదాపు పదకొండు నిమిషాలు. ఒకే గిటార్ వరస తిరిగి తిరిగి వస్తుంది, డ్రమ్ము దెబ్బకీ దెబ్బకీ మధ్య బోలెడు ఖాళీ. ఆ గొంతు విరుచుకుపడినప్పుడల్లా నా చేతులు స్టీరింగ్ మీద బిగుసుకుంటుంటే అది గమనించి సౌండ్ కొంచెం తగ్గించింది. మధ్యలో పక్షుల పేరున్న పాట ఒకటి చాలా నెమ్మదిగా, దాదాపు గుసగుసలా సాగింది. చివరిది పదహారు నిమిషాలకు దగ్గర. అది మొదలయ్యేసరికి మధ్యాహ్నం రెండు కాలేదు, అప్పటికే సూర్యుడు లేడు. రోడ్డు పక్క బర్చ్ చెట్లు మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి.

"ఇవన్నీ ఒక మనిషి ఒంటరితనం గురించి" అంది.

"నీకూ ఒంటరిగా అనిపిస్తుందా?"

"అప్పుడప్పుడు."

ఇంకేమీ అడగలేకపోయాను. క్లాసులో తెలుగు పిల్ల ఇదొక్కతే అని నాకు తెలుసు. స్వీడిష్ తొందరగా వచ్చేసింది, మార్కులు బాగున్నాయి, ఇంకేం కావాలి అనుకుంటూ వచ్చాను.

నా భయమల్లా ఈ చీకటి సంగీతం పిల్లని ఎటు లాక్కుపోతుందోనని. కానీ 1990లలో ఇదే ఊళ్ళో హార్డ్‌కోర్ అనే వేగమైన, అరుపుల పంక్ పాటల చుట్టూ తిరిగిన కుర్రకారులో చాలామంది మందు ముట్టేది లేదు, మాంసం తినేది లేదు అని పట్టుబట్టినవాళ్ళట. కల్ట్ ఆఫ్ లూనా పుట్టింది ఆ గుంపులోంచే. ఆ సంగతి చెప్పేటప్పుడు మా అమ్మాయి ముఖంలో నన్ను ఒప్పించాలన్న ఆత్రం కనిపించింది. పెరుగన్నం తప్ప ఇంకేదీ అరగదనే మా అమ్మ గుర్తొచ్చింది.

ఇంటికొచ్చాక గిటార్ తీసి చూపించింది. అన్నిటికంటే లావు తీగ బిరడాని నెమ్మదిగా తిప్పుతూ, మామూలు కంటే నాలుగు స్వరస్థానాలు కిందికి దించింది. తీగ ఎంత వదులైందంటే మీటితే కంటికి మసకగా ఊగుతోంది. శ్రుతి దించడం బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లండ్ మెటల్ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీ నుంచి బాగా పాకిందట. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ళ చివర్లు తెగిపోతే ప్లాస్టిక్ తొడుగులు చేసుకుని వాయించాడు. వేళ్ళకి తేలిగ్గా ఉండాలని తీగలు వదులు చేశాడు. 1971 నాటి ఆల్బమ్‌లో మూడు స్వరస్థానాలు దించి వాయించాడు.

నేను అలమరలోంచి శ్రుతిపెట్టె తీశాను. మా అమ్మాయి పాఠాలు మానేసినప్పటి నుంచి అది బయటికి రాలేదు. ఒకటో శ్రుతి పెట్టాను, గిటార్ వాళ్ళ లెక్కలో అది సి, ఆ తీగ దిగింది కూడా అక్కడికే. ఆమె తీగ మీటింది. రెండు నాదాలూ కలవక అలల్లా కొట్టుకుంటున్నాయి. బిరడా వెంట్రుకవాసి తిప్పింది. అలలు నెమ్మదించాయి, ఇంకా నెమ్మదించాయి, ఆగిపోయాయి. టేబుల్ మీద గ్లాసు సన్నగా అదిరింది. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అప్పుడు నోరు జారాను. "చూశావా, ఇది మన మంద్ర షడ్జమమే. ఆ గిటార్ కూడా మన ఆలాపనలాగే పెరుగుతోంది."

తీగ మీద అరచెయ్యి వేసి ఆపేసింది. "అన్నీ మనవి చేసేయకు అమ్మా. ఇది నాది."

ఇది చదివే తల్లిదండ్రులకి ఒక సలహా ఇద్దామని కూర్చున్నాను. పిల్లల హెడ్‌ఫోన్స్ లాక్కోకండి, ఒక్కసారి పక్కన కూర్చుని మొత్తం వినండి అని. రాస్తుంటే నాకే అనుమానం వస్తోంది. నేను విన్నది దాని కోసమా, ఆ దారిన మళ్ళీ సరళీ వరుసల దగ్గరికి తెచ్చుకుందామనా? పిల్ల చేతిలో ఏదైనా కనబడితే అందులో మనది ఎంతుందో వెతికి, దొరికినంత మేరకే ప్రేమిస్తున్నానేమో. పిజ్జా మీద ఆవకాయ వేసుకుని తింటే మురిసిపోయేది నేనే. అలాగని అస్సలు వెతకకుండా వదిలేస్తే, పదేళ్ళ తర్వాత "నాకెందుకు నేర్పలేదు" అని అడిగితే? అలా అడిగిన పిల్లలు మా స్నేహితుల ఇళ్ళల్లో ఉన్నారు. నేర్పించినందుకు దూరమైన పిల్లలూ ఉన్నారు.

పోయిన ఆదివారం మళ్ళీ "ఒక్క పావుగంట కూర్చుందామా?" అన్నాను. అడగకూడదు అనుకుంటూనే అడిగాను. రిహార్సల్ ఉందని వెళ్ళిపోయింది. నేనొక్కదాన్నే శ్రుతిపెట్టె పెట్టుకుని కూర్చున్నాను. నాది ఐదున్నర శ్రుతి, ఇప్పుడు పై షడ్జమం పట్టడం కష్టంగా ఉంది. మీట ఐదుకి తగ్గించి పాడాను.

నిన్న అమ్మ ఫోన్ చేసింది. పిల్ల ఏ కీర్తన పాడుతోంది, మృదంగం ఆయనకి చెప్పాలి అంది. ఇంకా అనుకోలేదమ్మా, చూద్దాం అన్నాను. ఏ శ్రుతో అదైనా చెప్పవే అంది.