పులసకని వెళ్తే స్పఘెట్టి

ఆగస్టులో గోదావరికి ఎర్రనీరు వచ్చిందని తెలిస్తే హైదరాబాద్‌లో ఉన్న మాలాంటి వాళ్లకి కాలు నిలవదు. ఈసారి పులస చేప తినే తిరిగి రావాలని నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తీరా వెళ్తే వరదకి నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఆపేశారు. అవతలి ఒడ్డున సఖినేటిపల్లి కనిపిస్తూనే ఉంది. మేం మాత్రం పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి, రాజోలు చుట్టూ తిరిగి అంతర్వేది వెళ్లొచ్చాం. దర్శనం బాగా అయింది.

పులసే కాలేదు. దారిలో ఒకచోట చూపించిన చేప కిలో కూడా ఉండదు. చెప్పిన రేటు విని మా ఆవిడ మెడలో గొలుసు సర్దుకుంది. పుస్తెలమ్మైనా పులస తినమన్నవాడెవడో, పుస్తెలున్నావిడని అడక్కుండానే అనేశాడు. ఇంకోచోట చవగ్గా ఇస్తామన్నారు గానీ, మా బావమరిది మొప్ప ఎత్తి చూసి, "ఇది ఒడిశా నుంచి ఐసులో వచ్చిన ఇలస బావా" అని పక్కనపెట్టేశాడు. సముద్రంలో ఉన్నన్నాళ్లూ అది ఇలసే. వరదకి ఎదురీది గోదావరిలోకి వస్తేనే పులస. లారీ ఎక్కి వస్తే ఏమనాలో మరి.

ఆ నీరసంతో భీమవరం చేరాక మా ఆవిడ మేనల్లుడు, "ఇక్కడ ఇటాలియన్ హోటల్ పెట్టారు మావయ్యా, సీఫుడ్ కూడా ఉంటుంది" అని లాక్కెళ్లాడు. గళ్లగుడ్డలు పరిచిన పది బల్లలు, గోడకి వెనిస్ పడవల బొమ్మ. కాలువలూ పడవలూ చూడ్డానికి భీమవరం వాడికి వెనిస్ బొమ్మ ఎందుకో నాకు అర్థం కాలేదు. రొయ్యల స్పఘెట్టి ప్లేటు 480 రూపాయలు. మూడు చెప్పాం.

ప్లేటు రాగానే మా బావమరిది తినలేదు. ఫోర్కుతో ఒక రొయ్యని పైకెత్తి లైటు కేసి చూశాడు. "యాభై కౌంటు." అంటే కిలోకి యాభై తూగే రొయ్యలన్నమాట. తర్వాత ప్లేటులో ఉన్నవి లెక్కపెట్టాడు. ఆరు. "నూట ఇరవై గ్రాములు. చెరువు గట్టు మీద నాకు నలభై రూపాయలు ఇస్తారు బావా దీనికి." ఆయనకి కాళ్ల మండలం వైపు వనామీ రొయ్యల చెరువులున్నాయి. నాలుగు నెలలు మేత వేసి, రాత్రిళ్లు కరెంటు పోతే చెరువు నీళ్లలో గాలి చిలికే ఏరేటర్ల కోసం జనరేటర్ దగ్గరికి పరిగెత్తే మనిషి. 2025 ఆగస్టులో మన రొయ్యల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పటి నుంచీ ఆయన దగ్గర రేట్ల మాట ఎత్తకూడదని ఇంట్లో అందరికీ తెలుసు. ఇక్కడ ప్లేటే ఎత్తింది.

పైగా ఆ స్పఘెట్టి కొరికితే మధ్యలో పలుకు తగులుతోంది. పిలిచి చెప్పాను, ఉడకలేదని. వంటాయనే బయటికొచ్చాడు. రాజోలు వైపు మనిషి, కువైట్‌లో ఒక ఇటలీ ముసలాయన కింద తొమ్మిదేళ్లు పనిచేశాడట. "పలుకుండాలండి. దీన్ని వాళ్లు అల్ దెంతే అంటారు. వాళ్ల భాషలో ఆ మాటకి అర్థమే 'పంటికి' అని. పంటికి తగలాలన్నమాట." మా ఇంట్లో అన్నం అలా పలుకుగా దిగితే మా అమ్మ ఆ పూటంతా ఎవరి మొహమూ చూసేది కాదు.

మేనల్లుడు చీజ్ అడిగాడు. ఆయన లోపలికి వెళ్లలేదు. "రొయ్యల్లోకి వద్దు బాబూ. మా ముసలాయన చూస్తే గరిటె విసిరేవాడు. మనం చేపా పెరుగూ కలపం చూడండి, అలాగే వాళ్లకీ పట్టింపు." చెప్పాక కూడా వీడు అడిగాడు. చెప్పాక కూడా ఆయన తేలేదు. 480 తీసుకుని చీజ్ ఇవ్వని ఆ మొండితనం నాకెందుకో నచ్చింది.

మా బావమరిది అప్పుడు నోరు విప్పాడు. "తలకాయలు ఏం చేశారు?"

వంటాయన మొహం వెలిగింది. తలకాయలు పారేయడట. వెల్లుల్లి, ఎండుమిర్చి వేసిన నూనెలో వాటిని గరిటెతో చిదిమి, ఎర్రగా దిగిన సారం వడకట్టి, అందులోనే ఈ స్పఘెట్టి కలుపుతాడట. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆనపకాయ రొయ్యల కూరలో తలకాయలు వేసి, "రుచంతా అందులోనే ఉందిరా" అని మా తమ్ముడికే వడ్డించేది.

ఇంకా రిజోట్టో అనే వాళ్ల అన్నం వంటకం గురించి అడిగితే, ఇటలీ బియ్యం కొనలేక మన స్వర్ణతో చేసి చూశానన్నాడు. "ఆ జిగురు రాదండి, పొడిపొడిగా పోతుంది." మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన వంగడాన్ని అరగంట దూరంలో భీమవరంలో ఎవరైనా ఇలా తప్పుపడతారని అనుకోలేదు.

తలెత్తి చూసేసరికి మా బావమరిది రొట్టె ముక్కతో ప్లేటు అడుగు తుడుస్తున్నాడు. ఆ ఎర్ర నూనె చుక్క మిగల్లేదు. బిల్లు మాత్రం నన్ను కట్టనివ్వలేదు, "ఇంకో నాలుగు కిలోల పట్టుబడి పోయిందనుకుంటా" అంటూ.

ఇంటికొచ్చాక చేతులు కడుక్కుని, తల్లిని పెరుగన్నం అడిగాడు.

"రొయ్యలు తిని పెరుగేంట్రా?" అంది మా అత్తగారు.

"వనామీకి ఆ పట్టింపు లేదమ్మా. అది మనది కాదుగా, పసిఫిక్ నుంచి వచ్చింది. పెట్టు."

పెట్టింది. ఆవకాయ కూడా.