యముణ్ణి నిలదీసిన ముని

మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యుడి కథ చదివిన ప్రతిసారీ ఆ ముని మీద గౌరవం పెరుగుతుంది నాకు. ఆశ్రమం ముందు చెట్టు కింద, చేతులు పైకెత్తి మౌనవ్రతంలో ఉన్నాడాయన. రాజభటులు తరుముతుంటే దొంగలు సొత్తుతో సహా ఆ ఆశ్రమంలోనే దూరారు. ఎటు పోయారని అడిగితే ముని పలకలేదు. లోపల దొంగలూ దొరికారు, సొత్తూ దొరికింది. ఈయనా తోడుదొంగేనని శూలం ఎక్కించారు. ప్రాణం పోలేదు. రాజు తప్పు తెలుసుకుని వచ్చి శూలం లాగబోతే ఊడి రాలేదు. కోసేశారు. లోపల మిగిలిన ముక్కతోనే ఆయన తిరిగాడు.

అలాగే యమధర్మరాజు దగ్గరికి వెళ్ళి, నేను చేసిన పాపమేంటో చెప్పమన్నాడు. చిన్నప్పుడు పురుగుల తోకల్లో గడ్డిపరకలు గుచ్చావు, దాని ఫలమే ఇదన్నాడు యముడు.

తూనీగ తోకకి దారం కట్టి ఎగరేయని పిల్లలు మా ఊళ్ళో లేరు. పెద్దలు చూస్తే “కళ్ళు పోతాయిరా, లెంపలేసుకో” అనేవారు.

మాండవ్యుడు లెంపలేసుకోలేదు. ఊహ తెలియని వయసులో చేసిన చిన్న తప్పుకి ఇంత శిక్షా అని యముణ్ణే శపించాడు, శూద్ర స్త్రీ కడుపున పుట్టమని. అలా పుట్టడాన్ని శిక్ష అనడం నాకు మింగుడు పడదు. కానీ ఆ వెంటనే ఆయన పెట్టిన హద్దు ఉందే, దానికి చేతులెత్తి మొక్కుతాను: పద్నాలుగేళ్ళు నిండేదాకా ఏం చేసినా పాపం అంటదు.

నేను మూడో తరగతికి పాఠాలు చెబుతాను. టైఫాయిడ్ వచ్చి తగ్గిన ఒక పాప, నైవేద్యం పెట్టకముందే పులిహోర తిన్నానని దేవుడు జ్వరం ఇచ్చాడంది. ఇంట్లో ఎవరో అన్న మాటే అది. పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథంతా చెప్పాను. “అయితే నాకింకా ఆరేళ్ళుంది” అని వేళ్ళు లెక్కపెట్టుకుంది.

శాపం ప్రకారం యముడు విదురుడై పుట్టాడు. లోకానికంతా తీర్పు చెప్పేవాడు, మాట చెల్లని మంత్రి అయ్యాడు. నా దృష్టిలో శూలం కంటే ఇదే పెద్ద శిక్ష. ద్రౌపది నిండు సభలో న్యాయం అడిగినప్పుడు, తెలిసీ నోరు మెదపనివాళ్ళకి ఆ పాపంలో వాటా ఉంటుందని ప్రహ్లాదుడి కథ చెప్పి మరీ హెచ్చరించాడు విదురుడు. అక్కడున్న రాజుల్లో ఒక్కరూ బదులివ్వలేదు.