ఫైల్లో రాసిన మాట

ఫిబ్రవరి 6, 2021. శనివారం రాత్రి. అట్లాంటా.

శనివారం క్లినిక్ ఒంటిపూటే. హెచ్ఐవీ మందులు అయిపోయే తేదీ దాటినా తీసుకెళ్ళనివాళ్ళ పేర్లు ముందేసుకుని వరసగా ఫోన్లు చేయడం ఆ పూట ఫార్మసీలో నా పని. ఇవాళ 17 పేర్లు. తొమ్మిదిమంది ఎత్తారు. పోయిన నెల పలికిన ఒక నంబరు ఈసారి అసలు పలకలేదు.

పదకొండో పేరు ఒక నల్లజాతి పెద్దాయనది. 62 ఏళ్ళు. ఇరవై ఏళ్ళ పైనుంచి మందులు వాడుతున్నారు, ఇన్నాళ్ళూ ఒక్క నెల తప్పిన మనిషి కాదు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షకి అందనంత తక్కువ. అలాంటాయన నిరుడు వేసవి నుంచి రక్తపరీక్షకి రాలేదు. ఫైల్లో ఎవరో ఒక ముక్క రాసి పెట్టారు: "సహకరించడం లేదు."

ఆయన ఫోన్ ఎత్తారు. నేనేమీ అడగకముందే సంజాయిషీ మొదలుపెట్టారు, తప్పు చేసినవాడిలా. నాకు ప్రాణం ఉసూరుమంది. వాళ్ళ వీధి చివర ఆగే బస్సు ఇప్పుడు రావడం లేదట. నిరుడు ఏప్రిల్లో ఈ ఊళ్ళో 110 బస్సు రూట్లలో 70 ఆపేశారు, అన్నీ ఇంకా తిరిగి రాలేదు. కారున్నవాళ్ళం మాకు ఆ సంగతే గుర్తుండదు. "మరి మందులు పోస్టులో పంపిస్తాం అన్నాం కదండీ" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి చెప్పారు. ఉద్యోగం పోయాక మేనల్లుడి ఇంట్లో ఉంటున్నారు. గుమ్మంలో పెట్టెలు పిల్లలే విప్పుతారు. ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

కరోనా టీకా మాట నేనే ఎత్తాను. మా రాష్ట్రంలో ఇప్పుడు వయసును బట్టి అయితే 65 నిండినవాళ్ళకే ఇస్తున్నారు, ఆయన వంతు ఇంకా రాలేదు. వచ్చినా వేయించుకోనేమో అన్నారు. "హ్యాంక్ ఆరన్ సంగతి చూశారుగా?" ఈ ఊరికి ఆరన్ అంటే ఉత్త బేస్‌బాల్ ఆటగాడు కాదు, ఇంటి పెద్ద. తోటి నల్లజాతివారికి ధైర్యం రావాలని జనవరి 5న మోర్‌హౌస్ వైద్య కళాశాలలో అందరి ముందూ టీకా వేయించుకున్నారు. 22న నిద్రలోనే పోయారు, 86 ఏళ్ళు. సహజ మరణమని ఫుల్టన్ కౌంటీ మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయం చెప్పింది. అదే చెప్పాను. "అలాగే చెప్తారు" అన్నారాయన, కోపం లేకుండానే.

ఇలాంటి మాటని అజ్ఞానం కింద కొట్టిపారేసేవాళ్ళంటే నాకు మంట. ఇక్కణ్ణించి కారులో రెండు గంటలు పోతే పక్క రాష్ట్రం అలబామాలో టస్కీగీ అనే ఊరు. 1932 నుంచి 1972 దాకా అక్కడ ప్రభుత్వ వైద్యులు సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న దాదాపు 400 మంది నల్లజాతి మగవాళ్ళకి వైద్యం చేస్తున్నామని చెప్పి, చేయకుండా, రోగం ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. దాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. 1969లో దాన్ని ఆపాలా వద్దా అని చర్చించి, సాగనిద్దాం అనుకున్నది మా ఊళ్ళోనే ఉన్న సీడీసీ, అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ. అప్పటికి ఈ పెద్దాయనకి పదేళ్ళు దాటాయి. ఆయనకిది చరిత్ర పుస్తకం కాదు.

మధ్యాహ్నం చర్చి పార్కింగ్‌లో కిట్లు పంచాం. రేపు ఫిబ్రవరి 7, నల్లజాతివారి హెచ్ఐవీ అవగాహన దినం. ఏటా లోపల హాల్లో పాటలు, భోజనాలు, పరీక్షలు. ఈసారి కారు అద్దం దించితే ఒక బ్రౌన్ పేపర్ కవరు, అంతే. అందులో మాస్కులు, శానిటైజరు, వాటి కింద ఇంట్లోనే చేసుకునే హెచ్ఐవీ పరీక్ష. చిగుళ్ళ మీద పుల్లతో రాసి సీసాలో పెడితే 20 నిమిషాల్లో తెలిసిపోతుంది. కవరు బయట ఏమీ రాయకూడదని పట్టుబట్టింది ఈ పనంతా నడిపించే ఆవిడే. తనకి హెచ్ఐవీ ఉందని మైకులో చెప్పగల మనిషి. కానీ అందరూ తనలా ఉండాలని ఎన్నడూ అనదు.

పల్స్ ఆక్సిమీటర్లు కూడా పెడదామని నేనే అన్నాను. డిసెంబరులో వచ్చిన అధ్యయనం గురించి ఆవిడే చెప్పింది: రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా వేలి మీది మిషను బాగానే ఉందని చూపించడం తెల్లవాళ్ళకన్నా నల్లవాళ్ళలో దాదాపు మూడురెట్లు ఎక్కువట. ఫార్మసిస్టుని, నాకు తెలియలేదు. ఆక్సిమీటరుతో పాటు ఒక చీటీ రాసి పెట్టాం: అంకె బాగున్నా ఆయాసం వస్తే ఆసుపత్రికి వెళ్ళండి.

ఒకమ్మాయి కవరు తీసుకుని కారు కదిలించి, మళ్ళీ ఆపి, "మా అక్కకి ఇంకోటి ఇస్తారా?" అంది. రెండిచ్చాం.

ఈ దేశ జనాభాలో నల్లజాతివారు 13 శాతం. 2019లో కొత్తగా బయటపడిన హెచ్ఐవీ కేసుల్లో వాళ్ళవి 42 శాతం. ఈ అంకెలు చెప్తే మనవాళ్ళు "వాళ్ళ పద్ధతులంతే" అనేస్తారు. నా ఎదుటే అన్నారు. నా ముందున్న పేర్లలో నాకు కనిపించేవి రాని బస్సు, పోయిన ఇన్సూరెన్సు, దాచుకోవాల్సిన మాత్రల సీసా.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. గుంటూరులో అప్పటికే తెల్లవారింది. "ఆ పేటలకి ఎందుకు వెళ్తావే, మనకెందుకు వాళ్ళ గొడవ" అంది. "బాబాయి గుర్తున్నాడా అమ్మా" అన్నాను. మాట మార్చింది.

బాబాయి నాగపూర్‌కి లారీ తోలేవాడు. మనిషి సగమైపోయాక గదిలో మూల మంచం వేశారు, స్టీలు గ్లాసు విడిగా పెట్టారు. వీధిలో అడిగినవాళ్ళకి టీబీ అని చెప్పమన్నారు. నేనూ చెప్పాను. ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్లో. అప్పటికి ఆయన పోయి రెండేళ్ళు.

పొద్దున ఫోన్ పెట్టేశాక ఆ పెద్దాయన ఫైల్లో కొత్త వరుస రాశాను: "బస్సు లేదు. పెట్టె ఇంటికి పంపకూడదు. మంగళవారం పదింటికి పరీక్ష, కారు మనమే పంపాలి. మూడు నెలల మందులు చేతికివ్వాలి." పాత మాట చెరపడానికి కంప్యూటరు ఒప్పుకోలేదు. దాని కిందే ఇది ఉంటుంది.

ఇక్కడా ఒక వరుస రాసుకుంటున్నాను. మా బాబాయి 2002లో ఎయిడ్స్‌తో చనిపోయాడు.