దిగుడే కదా అనుకున్నాను

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో నేను తీసుకున్న గది రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. ఆదివారం కామ్రేడ్స్ మారథాన్‌లో 87.7 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి, ఆ రాత్రి కమ్మీ పట్టుకుని మెట్లు ఎలాగో ఎక్కేశాను. సోమవారం ఉదయం కాఫీ కోసం అవే మెట్లు దిగబోతే మొదటి మెట్టు మీదే మోకాలు మడతపడింది. గోడకు చేయి ఆనించకపోతే కిందిదాకా దొర్లిపోయేవాడినే. చివరకు వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు ఒక్కొక్క మెట్టూ దిగాను. లిఫ్టు లేని సంగతి ముందుగా చెప్పని ఆ యజమాని పరుగు పోటీ జరిగే వారం అని చెప్పి మామూలు అద్దెకు దాదాపు రెట్టింపు గుంజాడు. విదేశీయులకు ప్రవేశ రుసుము స్థానికుల కంటే కొన్ని రెట్లు ఎక్కువ, దుబాయ్ మీదుగా విమానం టికెట్టు అదనం. కొండ ఎక్కడం కంటే దిగడమే కష్టమని నమ్మడానికి నాకు ఇంత డబ్బు పట్టింది.

కామ్రేడ్స్ మారథాన్ గురించి పరుగెత్తేవాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1921లో పీటర్‌మారిట్జ్‌బర్గ్ నుంచి సముద్రతీరంలోని డర్బన్‌కు మొదలైన ఈ పరుగును సాధారణంగా ఒక ఏడు సముద్రం వైపుకు, మరో ఏడు ఎదురు దిశలో నడిపిస్తారు. 2023 జూన్ 11న జరిగినది సముద్రం వైపుకు దిగేది, అంటే డౌన్ రన్. మొదలుపెట్టే ఊరు సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తున ఉంటుంది కనుక ఆ పేరులోనే నాకొక భరోసా కనిపించింది. తయారీ కూడా ఆ భరోసాతోనే సాగింది. ఆదివారాలు తెల్లవారుజామున వికారాబాద్ చేరి అనంతగిరి ఘాట్ రోడ్డు పరుగెత్తుతూ ఎక్కేవాళ్లం. పైన టీ తాగాక, మోకాళ్లు అరిగిపోతాయన్న భయంతో మిత్రుడి కారులో దిగేవాళ్లం. ఆరు నెలల పాటు మా కాళ్లకు ఎక్కడం మాత్రమే నేర్పాం.

ఉదయం అయిదున్నరకు, జూన్ చలిలో, సిటీ హాలు ముందు తుపాకీ పేలింది. మొదటి సగం గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. పాలీ షార్ట్స్ కొండను చీకట్లోనే దిగేశాం. డౌన్ రన్ అని పేరే గాని దారిలో అన్నిటికంటే ఎత్తైన చోటు, సుమారు 810 మీటర్లది, అక్కడికి పది కిలోమీటర్ల తరువాత ఉమ్లాస్ రోడ్డు దగ్గర వస్తుంది. ఇంచాంగా ఎక్కి, డ్రమండ్ దగ్గర సగం దూరం దాటి, బోథాస్ హిల్ మీద ఉప్పు అద్దిన ఉడికించిన బంగాళాదుంపలు తింటున్నప్పుడు కూడా నేను చాలా హుషారుగా ఉన్నాను.

క్లూఫ్ దాటగానే ఫీల్డ్స్ హిల్ వచ్చింది. అరవై కిలోమీటర్లు పైబడిన కాళ్లతో, ఒక పక్కకు వాలిన తారురోడ్డు మీద, దాదాపు మూడు కిలోమీటర్లు ఏకబిగిన దిగాలి. అక్కడ జరిగినది నాకు అప్పుడు అర్థం కాలేదు. ఊపిరి హాయిగా ఆడుతోంది, చేతి గడియారంలో గుండె వేగం తగ్గుతూ పోతోంది, చూసేవాళ్లకు నేను షికారుకు వచ్చినవాడిలా కనిపించి ఉంటాను. తొడలు మాత్రం అడుగుపడిన ప్రతిసారీ లోపల ఎవరో గుడ్డ చింపుతున్నట్టు మండాయి. అలసటంటే ఆయాసమే అనుకున్న నాకు, ఆయాసం లేకుండా వచ్చిన ఈ అలసట ఏమిటో తెలియలేదు.

కొండ ఎక్కేటప్పుడు తొడ ముందుభాగపు కండరం కుంచించుకుంటూ శరీరాన్ని పైకి నెడుతుంది. దిగేటప్పుడు అదే కండరం బిగుసుకునే ఉండి, శరీరం బరువుకు సాగుతూ, బ్రేకులా పనిచేయాలి. ఈ పనికి ఆక్సిజన్ ఖర్చు తక్కువ. అందుకే గుండె నెమ్మదిస్తుంది, మనిషి మోసపోయి వేగం పెంచుతాడు. కానీ అంత బరువును తక్కువ కండర పోగులే మోయవలసి రావడంతో, ఆ పోగుల లోపలి సూక్ష్మమైన అమరిక చెదురుతుంది. కండరంలో ఉండవలసిన క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము రక్తంలోకి కారుతుంది, కండరం సత్తువ కొన్ని రోజుల పాటు తగ్గిపోతుంది. నొప్పి వెంటనే రాదు. వాపు మొదలయ్యాక, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. మనలో చాలామంది తప్పును లాక్టిక్ ఆమ్లం మీదకు నెట్టేస్తారు గాని, అది పరుగు ఆగిన గంటా రెండు గంటల్లోనే రక్తం నుంచి వెళ్లిపోతుంది.

పైన్‌టౌన్ చేరాక విచిత్రం ఏమిటంటే, కౌవీస్ హిల్ ఎక్కుడు వస్తే ప్రాణం లేచివచ్చింది. ఎక్కుడు కోసం ఎదురుచూసే రోజు వస్తుందని అనుకోలేదు. మిగతా దారంతా ఎక్కుడులో పరుగు, దిగుడులో నడక. చుట్టూ ఉన్నవాళ్లు దీనికి విరుద్ధంగా చేస్తున్నారు. పరుగు మొదలైన 10 గంటల 52 నిమిషాలకు కింగ్స్‌మీడ్ క్రికెట్ మైదానంలోకి అడుగుపెట్టి, పట్టిన సమయాన్ని బట్టి ఇచ్చే కంచు పతకం తెచ్చుకున్నాను. నొప్పి మాత్రలు ఎవరో ఇవ్వబోయారు గాని తీసుకోలేదు. చెమటలు కారి, కండరాలు చితికిన శరీరంలో ఆ మాత్రలు మూత్రపిండాలకు చేటు తేగలవని చదివి ఉండటం వల్ల, ఆ సాయంత్రం మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారలేదు కదా అని చూసుకోవడమే పనిగా పెట్టుకున్నాను.

సోమవారం కంటే మంగళవారం ఘోరం. ఆ మధ్యాహ్నం సందు చివరి దుకాణానికి బన్నీ చౌ కోసం వెళ్లాను. సగం రొట్టెను గుల్ల చేసి అందులో కూర నింపి ఇచ్చే ఆ తిండి డర్బన్ భారతీయులది. దుకాణం గుమ్మం ముందు మూడు మెట్లు ఉన్నాయి. తిరిగి వెళ్తూ వాటిని నేను వెనక్కి తిరిగి దిగుతుంటే, గల్లాపెట్టె దగ్గరి పెద్దాయన నవ్వాపుకోలేక ఎక్కడి వాడివని ఇంగ్లీషులో అడిగాడు. హైదరాబాద్ అన్నాను. ఆయన ముత్తాత చెరకు తోటల కూలికి విశాఖపట్నం వైపు నుంచి వచ్చాడట. ఇంట్లో మిగిలిన తెలుగు నాలుగు మాటలేనట, వాటిలో ఒకటి నాకు దక్కింది.

“కూర్చో, కూర్చో.”

“కూర్చుంటే లేవలేను, తాతగారూ.”

ఎక్కుడా దిగుడా అని అడిగాడు. దిగుడు అన్నాను. తానూ కుర్రతనంలో రెండు రకాలూ పరుగెత్తానని, మొదటి దిగుడు తరువాత వారం రోజులు అలాగే నడిచానని, నెల తిరక్కుండా ఒక చిన్న పరుగులో మళ్లీ కొండ దిగితే ఆశ్చర్యంగా సగం నొప్పి కూడా రాలేదని చెప్పాడు. శాస్త్రం చెప్పేదీ అదే. ఒకసారి దెబ్బతిని మానిన కండరం కొన్ని వారాల పాటు అదే దెబ్బను బాగా తట్టుకుంటుంది. అనంతగిరి మీద, కారులో కూర్చుని, మేము వదులుకున్న చదువు ఇదే.

గదికి వస్తూ అమ్మ గుర్తొచ్చింది. అలిపిరి నుంచి 3,550 మెట్లూ గోవింద నామాలతో ఎక్కే మనిషి, తిరుగు ప్రయాణంలో ఒక్క మెట్టు కూడా దిగేది కాదు. స్వామి మనల్ని పైకి రప్పించుకుంటాడు, దిగడానికి బస్సు పెట్టించాడు అనేది. నేను దాన్ని బద్ధకమనుకుని ఏళ్ల తరబడి ఆటపట్టించాను. ఆ రాత్రి ఫోను చేసి కాళ్ల సంగతి చెబితే, ముందు కొబ్బరినూనె రాయమంది, తరువాత చాలాసేపు నవ్వింది.

బుధవారం ఉదయం సూట్‌కేసు పట్టుకుని గది ఖాళీ చేశాను. మొదటి అంతస్తు దాకా ముందుకే దిగాను. అక్కడ ఆగి, కింద ఎవరూ లేరని చూసుకుని, మిగతా మెట్లకు వెనక్కి తిరిగాను.